అన్నా, ఒక్కసారి చూస్తావా?



సాయంత్రం కాలేజీలు వదిలే వేళ జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు వచ్చే బస్సు ఎక్కినా, పులివెందుల నుంచి వేంపల్లె మీదుగా కడపకు పోయే బస్సు ఎక్కినా, పిల్లల మాటలు మీ చెవిన పడే ఉంటాయి. "అన్నా, మన బ్రాంచోళ్ళకు ఈసారి కంపెనీలు వస్తాయంటావా?" అంటాడొకడు. "అక్కా, నా రెజ్యూమె ఒక్కసారి చూస్తావా?" అంటుంది ఇంకో అమ్మాయి. "డిగ్రీ అయిపోయినంక బ్యాంకు పరీక్షలకు కూచోమంటావా, బెంగళూరు పొమ్మంటావా?" అని మరొకడు. అడిగేవాళ్ళు రెండో ఏడాదిలో ఉంటారు, చెప్పేవాళ్ళు చివరి ఏడాదిలో ఉంటారు. ఇద్దరి మధ్యా రెండేళ్ళే తేడా. అయినా అడిగినవాడు ఆ మాటను మూటగట్టుకుని ఇంటికి పోతాడు. రాత్రి అన్నం దగ్గర, "మా సీనియర్ అన్న ఇట్ల జెప్పినాడు నాయనా" అంటాడు. ఆ పూట ఆ ఇంట్లో ఒక నిర్ణయం జరిగిపోతుంది.

ప్లేస్‌మెంట్ ఆఫీసు తలుపులు తెరిచినా, మూసినా, సలహాలు చెప్పుకునే పని పిల్లల మధ్య పొద్దస్తమానం నడుస్తూనే ఉంటుంది. దాన్ని మనం మొదలుపెట్టలేదు, ఆపనూలేము. ఆ చెప్పే పిల్లలకు తర్ఫీదు ఇచ్చి, వాళ్ళ వెనక నిలబడటం మాత్రం మన చేతిలో ఉంది. కొన్నేళ్ళుగా నేను చేస్తున్న పని అదే. కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసులో తోటి విద్యార్థులకు దారి చెప్పే అన్నలకూ అక్కలకూ తర్ఫీదు ఇవ్వడం, వాళ్ళ పని దగ్గరుండి చూసుకోవడం. పిల్లలు వాళ్ళను కోఆర్డినేటర్లు అంటారు. ఈ పూట ఆ పని గురించి మీతో మాట్లాడతాను.

మన ప్రాంతంలో ఈ అవసరం ఎప్పుడు పెరిగిందో ముందు చెప్పుకుందాం. పులివెందులలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల 2006లో మొదలయింది. ఆ ఏడాదే కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం ఏర్పడింది. 2008లో ఆ విశ్వవిద్యాలయం వాళ్ళ ఇంజనీరింగ్ కళాశాల ప్రొద్దుటూరుకు వచ్చింది. ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ కూడా 2008 నాటిదే. అంతకు ముందు విశ్వవిద్యాలయం వారి ఇంజనీరింగ్ సీటు కావాలంటే అనంతపురమో తిరుపతో పోవలసి వచ్చేది. రెండు మూడేళ్ళలో ఆ చదువు మన ఊళ్ళకే వచ్చింది. మగ్గం మీద బతికే ఇంటి నుంచి, చీనీ తోటల ఇంటి నుంచి, నాపరాయి పాలిష్ పనికి పోయే ఇంటి నుంచి మొదటిసారి ఇంజనీరింగ్ చదివే బిడ్డలు ఈ తరగతుల్లో కూర్చున్నారు. మరోపక్క 2020-21 నుంచి మన రాష్ట్రంలో మామూలు డిగ్రీ విద్యార్థులకూ సమాజ సేవా ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ చదువులో భాగమయ్యాయి. చివరి ఏడాదిలో అడగవలసిన ప్రశ్న మొదటి ఏడాదిలోనే అడగవలసి వస్తోంది. "ఇంటర్న్‌షిప్ యాడ జేయాల? ఎవరిని అడగాల?"

ఎవరిని అడగాలో ఇంట్లో చెప్పేవాళ్ళు లేరు. అమ్మా నాన్నలకు బిడ్డ మీద ప్రేమకు కొదువలేదు. ఇంటర్వ్యూ గదిలో ఏం జరుగుతుందో మాత్రం వాళ్ళకు తెలియదు. ఆఫీసర్ గదిలోకి రావాలంటే బిడ్డకు జంకు. ఇంగ్లీషులో మాట్లాడాలేమో, తప్పు అడిగితే ఏమనుకుంటారో అని గడప దగ్గరే ఆగిపోతుంది. అదే ఆఫీసులో ఒక బల్ల దగ్గర తనలాగే వేంపల్లె నుంచో మైలవరం నుంచో బస్సులో వచ్చి చదువుకునే అన్న కూర్చుని ఉంటే, ఆ జంకు సగం తగ్గుతుంది. తోటి సలహాదారు బలమంతా ఆ దగ్గరితనమే. అయితే దగ్గరివాడి మాటను మనం తూకం వేయకుండానే నమ్ముతాం. ప్రమాదమూ అక్కడే ఉంది. అది నాకు మొదటి ఏడాదిలోనే తెలిసి వచ్చింది.

ఆ ఏడాది నేను ఎనిమిది మందిని ఎంచుకున్నాను. మంచి మార్కులు, గడగడా ఇంగ్లీషు, చేతిలో అప్పటికే ఉద్యోగం ఆఫర్. రెండు రోజుల శిక్షణ పెట్టాను. రెజ్యూమె ఎలా రాయాలి, ఏ కంపెనీ ఏం అడుగుతుంది, నలుగురి ముందు ఎలా మాట్లాడాలి, అన్నీ చెప్పాను. మెడలో కార్డులు వేసి బల్లల దగ్గర కూర్చోబెట్టాను. చూడటానికి ముచ్చటగా ఉండేది.

రెండో నెలలో జమ్మలమడుగు దగ్గరి పల్లె నుంచి మెకానికల్ మూడో ఏడాది అబ్బాయి ఒకడు వచ్చాడు. చదువు కాగానే సిమెంటు ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా చేరితే ఎలా ఉంటుందని అడగడానికి వచ్చాడు. బల్ల దగ్గర కూర్చున్న మా కోఆర్డినేటర్ చేతిలో సాఫ్ట్‌వేర్ ఆఫర్ ఉంది. అయిదు నిమిషాల్లో మాట తేల్చేశాడు. "మెకానికల్‌లో ఏముంది తమ్ముడూ, నగరానికి పోయి కోడింగ్ నేర్చుకో." తన బతుకులో నిజమైన మాటే చెప్పాడు. ఎదుటివాడికి అది సరిపోతుందా లేదా తెలుసుకోవడానికి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆ అబ్బాయి కోర్సు పేరుతో ఇంట్లో అప్పు చేయించాడు. మనసు ఒప్పని చదువు నాలుగు నెలలు చదివి తిరిగి వచ్చాడు. తర్వాత ఒకరోజు వాళ్ళ నాయన మా ఆఫీసుకు వచ్చాడు. కోపంగా రాలేదు. చేతులు కట్టుకుని నిలబడి, "మీ ఆఫీసులో కూచున్న పిల్లోడే జెప్పినాడంట మ్మా" అన్నాడు.

ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. పలికింది ఆ పిల్లవాడే, కానీ వినిపించింది మా ఆఫీసు గొంతు. ఆ కార్డు వాడి మెడలో వేసింది నేను. వాడికి మాట్లాడటం నేర్పాను. వినడం నేర్పలేదు. తెలియనిచోట ఆగడం అసలే నేర్పలేదు.

ఆ తర్వాత చరిత్ర చదివితే, ఇలాంటి తప్పు పెద్ద ఎత్తున ఒకసారి జరిగిందని తెలిసింది. దాని మూలం మన నేలకు చాలా దగ్గరిది. వినండి.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. అవే దత్తమండలాలు. మన ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల అన్నీ అందులోవే. 1807 దాకా థామస్ మన్రో వాటికి ప్రధాన కలెక్టర్. 1808లో దత్తమండలాలు బళ్ళారి, కడప జిల్లాలుగా విడిపోయాయి. తర్వాత మన్రో మద్రాసు గవర్నరై, 1822లో ఏ జిల్లాలో ఎన్ని బడులున్నాయో లెక్క తీసి పంపమని కలెక్టర్లను అడిగాడు. బళ్ళారి కలెక్టర్ క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో జవాబు రాశాడు. అనంతపురం అప్పుడు బళ్ళారిలోనే ఉండేది. ఆ జిల్లాలో 533 బడులు, 6641 మంది పిల్లలు ఉన్నారని లెక్క ఇచ్చాడు. బడుల్లో చాలా లోపాలు ఎత్తి చూపాడు. ఒక విషయాన్ని మాత్రం మనసారా మెచ్చుకున్నాడు. బాగా నేర్చిన పిల్లలు తక్కువ నేర్చిన పిల్లలకు చెప్పే పద్ధతి. ఇంగ్లండు దాన్ని అనుకరించడం సబబేనన్నాడు.

అనుకరించిన సంగతి నిజమే. 1789లో మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమ పాఠశాల బాధ్యత ఆండ్రూ బెల్ అనే మతాచార్యుడికి వచ్చింది. ఇక్కడి వీధిబడి పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం ఆయన చూశాడు. తన బడిలో అదే పెట్టి, పెద్ద పిల్లల చేత చిన్న పిల్లలకు చెప్పించాడు. 1797లో లండన్‌లో దాని గురించి పుస్తకం అచ్చువేశాడు. ఆ పద్ధతికి మద్రాసు పద్ధతి అనే పేరు వచ్చింది. లండన్‌లో జోసెఫ్ లాంకాస్టర్ కూడా ఇలాంటి బడులే నడిపాడు. ఒక పెద్ద హాలు, ఒకే ఉపాధ్యాయుడు, వందలాది పిల్లలు, వాళ్ళ మీద మానిటర్లు. ఖర్చు తక్కువ కాబట్టి అది చాలా దేశాలకు పాకింది.

కొన్ని దశాబ్దాలకు లోపం బయటపడింది. మానిటర్లు బట్టీ పట్టించే యంత్రాలయ్యారు. తమకే సరిగా తెలియనిది ఎదుటివాళ్ళకు వల్లెవేయించారు. 1846లో ఇంగ్లండు దారి మార్చుకుంది. పదమూడేళ్ళు నిండిన పిల్లలను అయిదేళ్ళపాటు బోధనలో శిష్యులుగా చేర్చుకోవడం మొదలుపెట్టింది. ఆ శిష్యుడికి ప్రధానోపాధ్యాయుడు రోజూ గంటన్నర విడిగా పాఠం చెప్పాలి. ఆ గంటన్నరే నాకు కళ్ళు తెరిపించింది. మన వీధిబడి అరుగు మీద పెద్ద పిల్లవాడు చిన్నవాడికి చెబుతుంటే అయ్యవారు నాలుగడుగుల దూరంలో కూర్చుని ఉండేవాడు. తప్పు పలికితే అక్కడే చెవిన పడేది. ఆ పద్ధతి సముద్రం దాటి వందలమంది హాలులోకి పోయినప్పుడు పెద్ద పిల్లవాడు పోయాడు, అయ్యవారి చెవి మాత్రం వెంట పోలేదు. నేను చేసిందీ అదే. ఎనిమిది మంది మానిటర్లను పెట్టాను. గంటన్నర పెట్టలేదు.

మరుసటి ఏడాది నుంచి మొత్తం మార్చాను. మొదటి మార్పు ఎంపికలో.

ప్రొద్దుటూరు బంగారానికి పేరుమోసిన ఊరు. అక్కడి అంగళ్ళలో మెరిసినంత మాత్రాన ఎవరూ నమ్మరు, గీటురాయి మీద గీసి చూస్తారు. మాకూ ఒక గీటురాయి కావాలనిపించింది. దరఖాస్తు పెట్టిన ప్రతి విద్యార్థినీ ఒక జూనియర్‌తో పది నిమిషాలు కూర్చోబెడతాను. జూనియర్ తన సమస్య చెబుతాడు. నేను పక్కన కూర్చుని ఒక్కటే లెక్కపెడతాను. మొదటి సలహా ఇచ్చే ముందు ఎన్ని ప్రశ్నలు అడిగాడు? ఒక్క ప్రశ్నా అడగకుండా సలహా మొదలుపెట్టినవాడు ఎంత తెలివైనవాడైనా ఆ ఏడాదికి ఆగమంటాను. నాలుగైదు అడిగి, జవాబు వచ్చేదాకా ఊరకుండగలిగిన అమ్మాయి మార్కులు కాస్త తక్కువైనా తీసుకుంటాను. బ్యాక్‌లాగ్ పడి లేచిన పిల్లలను వెతికి మరీ తీసుకుంటాను. పడటమంటే ఏమిటో వాళ్ళకు తెలుసు. తెలుగు మాధ్యమంలో చదివినవాళ్ళు, హాస్టల్లో ఉండేవాళ్ళు, రోజూ బస్సులో వచ్చేవాళ్ళు, అన్ని బ్రాంచీలవాళ్ళు, ఆడపిల్లలు, మగపిల్లలు, అందరూ ఉండేలా చూస్తాను. గడప దగ్గర ఆగిన ప్రతి బిడ్డకూ లోపల తనలాంటి ముఖం ఒకటి కనబడాలి.

రెండో మార్పు శిక్షణలో. మొదటి రెండు వారాలు కొత్త కోఆర్డినేటర్ నోరు మెదపకూడదు. పాతవాళ్ళ పక్కన కూర్చుని చూడాలి. అప్పుడు వాళ్ళకిచ్చే పని ఒక్కటే. వచ్చిన విద్యార్థి ఏం అడిగాడో ఒక వరుసలో రాయాలి. నిజంగా ఏం అడగాలని వచ్చాడో పక్క వరుసలో రాయాలి. "రెజ్యూమె చూడన్నా" అన్నవాడి పక్క వరుసలో ఒకసారి మా అమ్మాయి ఇలా రాసింది: ఇంట్లో చెల్లెలి ఫీజు కట్టాలి, తొందరగా ఏదో ఒక పని దొరకాలి. ఆ పక్క వరుస రాయగలిగిన రోజు ఆ పిల్ల బల్ల దగ్గర కూర్చోవడానికి సిద్ధమైనట్టు.

తర్వాత రెజ్యూమె. దీనికి ఒకే కట్టుబాటు: కలం అడిగినవాడి చేతిలోనే ఉండాలి. కోఆర్డినేటర్ అడగవచ్చు, చూపించవచ్చు, రాసి ఇవ్వకూడదు. రాసి ఇచ్చిన వాక్యం ఇంటర్వ్యూలో నిలబడదు. పులివెందుల వైపు నుంచి ఒక డిగ్రీ అమ్మాయి వచ్చింది. అనుభవం అనే చోట ఖాళీ వదిలేసింది. మా కోఆర్డినేటర్ అడిగింది. "సెలవుల్లో ఇంట్లో ఏం జేస్తాండావు?" "ఏం లేదక్కా, అరటి తోటలో కూలోళ్ళ లెక్క రాస్తా." "ఎంతమంది కూలోళ్ళు?" "గెలలు కోసేటప్పుడు ఇరవై మంది దాకా." "దుడ్లు ఎవరిస్తారు?" "నేనే లెక్కగట్టి ఇస్తా. మా నాయనకు చదువు రాదు." ఆ అమ్మాయి మూడేళ్ళుగా ఇరవై మంది కూలి లెక్కలు పైసా తేడా రాకుండా చూస్తోంది. దాన్ని పని అనుకోలేదు. ఆ రోజు తన చేత్తోనే ఆ వాక్యం రాసుకుంది. రాస్తున్నప్పుడు ఆ బిడ్డ వెన్ను నిటారుగా కావడం నేను తలుపు దగ్గర నుంచి చూశాను. మూడు ప్రశ్నలు చేసిన పని అది. లేనిది కల్పించి రాయమనే సలహా మా బల్ల దగ్గర రాకూడదు. ఉన్నదాన్ని వెలికి తీయడమే మా పని.

మాక్ ఇంటర్వ్యూ ముందు తెలుగులో చేయిస్తాం. తన ప్రాజెక్టును సొంత మాటల్లో చెప్పగలిగాక అదే మాటను ఇంగ్లీషులో చెప్పిస్తాం. విషయం మీద పట్టు ఉంటే భాష భయం చాలా తగ్గుతుంది.

ఇక సరిహద్దుల పాఠం. అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికే ఇస్తాను. ఒక చిన్న పల్లెలో కాలువ గట్టు ఎక్కడ ఉందో నీళ్ళు కట్టేవాడికి తెలియాలి. లేకపోతే పక్కవాడి చేను మునుగుతుంది. తోటి సలహాదారుకు అలాంటి గట్లు కొన్ని ఉన్నాయి.

ఎదుటివాడి తరఫున నిర్ణయం చేయకూడదు. ఉన్న దారులు చూపాలి. మెకానికల్ పిల్లవాడు వస్తే అప్రెంటిస్ చట్టం 1961 నుంచీ ఉందని, దాని కింద శిక్షణలో ఉన్నంతకాలం స్టైపెండ్ వస్తుందని చెప్పాలి. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలు, ముద్దనూరు దగ్గరి థర్మల్ విద్యుత్ కేంద్రం, తుమ్మలపల్లె యురేనియం గని మన కళ్ళ ముందే ఉన్నాయని గుర్తుచేయాలి. సాఫ్ట్‌వేర్ దారి గురించీ చెప్పాలి. ఎంచుకునేది ఆ పిల్లవాడూ, వాడి ఇల్లూ.

విన్నది బయట పెట్టకూడదు. మనవి చిన్న ఊళ్ళు. పొద్దున ప్రొద్దుటూరులో అన్న మాట రాత్రికి జమ్మలమడుగు చేరుతుంది. మార్కులు, కులం, ఇంటి అప్పు, తప్పిన ఇంటర్వ్యూ, ఏదీ హాస్టల్ మెస్సులో మాటగా మారకూడదు.

తనవాళ్ళని పక్షపాతం చూపకూడదు. కంపెనీ వస్తుందన్న కబురు ముందు తన బ్రాంచికీ, తన ఊరివాళ్ళకూ చెప్పి తర్వాత మిగిలినవాళ్ళకు చెప్పడం మా దగ్గర పెద్ద తప్పు. కబురు వచ్చిందంటే ఒకే గంటలో నోటీసు బోర్డు మీద అందరికీ కనబడాలి.

ఉద్యోగం ఇప్పిస్తామని ముందు డబ్బు అడిగేవాడి కబురు వస్తే అక్కడే ఆపాలి. డబ్బు అప్పటికే పోయి ఉంటే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి వెంటనే ఫోన్ చేయించాలి. ఈ నంబరు మా ప్రతి బల్ల మీదా అతికించి ఉంటుంది.

దాని పక్కనే ఇంకో నంబరు ఉంటుంది. 14416. అది టెలి మానస్, మానసిక బాధలో ఉన్నవాళ్ళకోసం ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన సహాయ కేంద్రం. ఫోన్ ఉచితం, మన భాషలోనే మాట్లాడతారు. రెజ్యూమె కోసం వచ్చిన బిడ్డ మాట మధ్యలో, "ఇంక నావల్ల గాదన్నా, బతకాలని లేదు" అంటే, ఇరవై ఏళ్ళ కోఆర్డినేటర్ ఆ బరువు ఒంటరిగా మోయకూడదు. ఆ బిడ్డను ఒంటరిగా వదలకూడదు. పక్కనే ఉండి, నన్నో కౌన్సెలర్‌నో వెంటనే పిలవాలి. విన్నది బయట పెట్టకూడదన్న కట్టుబాటు అక్కడ వర్తించదు. ప్రాణం దగ్గర రహస్యం లేదు. ఈ మాట శిక్షణలో ఒకసారి చెప్పి వదలను, నెలనెలా చెబుతాను.

మూడో మార్పు నాలో నేను చేసుకున్నది, పర్యవేక్షణలో.

నా కుర్చీని లోపలి గది నుంచి బల్లలున్న హాలు పక్కకు మార్చాను. తలుపు తెరిచే ఉంటుంది. వారానికొకసారి అందరం గంటన్నర కూర్చుంటాం. ఆ గంటన్నర ఏ పని వచ్చినా వాయిదా వేయను. ఒక్కొక్కరూ ఆ వారం తమకు కష్టమనిపించిన ఒక సందర్భాన్ని, ఆ విద్యార్థి పేరు చెప్పకుండా, ముందు పెడతారు. "నేనైతే ఏం అడిగేదాన్ని" అని మిగిలినవాళ్ళు మాట్లాడతారు. నేను చివర మాట్లాడతాను. ముందే మాట్లాడితే పిల్లలు ఆలోచించడం మానేసి రాసుకోవడం మొదలుపెడతారని నాకు అనుభవంలో తెలిసింది.

ఒక్కొక్కరి పని పక్కన కూర్చుని చూడటమూ ఉంటుంది. వచ్చిన విద్యార్థి ఒప్పుకుంటేనే చూస్తాను. తప్పు కనబడితే ఆ విద్యార్థి ముందు దిద్దను. జూనియర్ ముందు చిన్నబోయిన అన్న మళ్ళీ ఆ బల్ల దగ్గర ధైర్యంగా కూర్చోలేడు. తర్వాత విడిగా పిలిచి, "నీకెట్ల అనిపించింది?" అని మొదట వాడినే అడుగుతాను. చాలాసార్లు తప్పు వాళ్ళకే తెలిసి ఉంటుంది. ఒక్కసారికి ఒక్క తప్పే దిద్దుతాను. అయిదు చెబితే అయిదూ జారిపోతాయి.

వాళ్ళూ విద్యార్థులేనన్న సంగతి పర్యవేక్షకులు మరిచిపోకూడదు. వారానికి నాలుగైదు గంటలకు మించి పని ఇవ్వను. పరీక్షలప్పుడు బల్లలు ఖాళీగా ఉన్నా సరే, వాళ్ళను పిలవను. కంపెనీల డ్రైవ్ జరిగే రోజు కుర్చీలు మోయడానికీ, నీళ్ళ సీసాలు అందించడానికీ వాళ్ళను వాడను. గౌరవ వేతనం ఎంత చిన్నదైనా ఇప్పించడానికి పోరాడతాను. ఇచ్చే సర్టిఫికెట్ మీద పొగడ్త ఉండదు. ఎంతమందితో కూర్చున్నారు, ఏ పని చేశారు, ఏం నేర్చుకున్నారు అన్నది ఉంటుంది.

వాళ్ళ సొంత గాయం కూడా ఒకటి ఉంటుంది. చివరి ఏడాది కోఆర్డినేటర్ తానూ ఉద్యోగం వెతుక్కుంటున్నవాడే. పొద్దున కంపెనీ జాబితాలో తన పేరు లేదని చూసి, మధ్యాహ్నం బల్ల దగ్గర కూర్చుని ఇంకొకరికి ధైర్యం చెప్పమంటే అది హింస. ఒక అబ్బాయి అలాంటి రోజున వచ్చి కార్డు మెడలో వేసుకోబోయాడు. కార్డు నేను తీసుకున్నాను. "ఈ పూట నువ్వు ఇటుపక్క కుర్చీలో కూర్చో, నేను వింటా" అన్నాను. అరగంట వాడు మాట్లాడాడు. అన్నలకూ ఒక అన్న కావాలి, అక్కలకూ ఒక అక్క కావాలి. పర్యవేక్షణ అనే పెద్ద మాటకు నాకు తెలిసిన అర్థం అంతే.

ఆఖరుగా ఒక మాట. కాలేజీలో ప్రతి వేసవికీ ఒక బ్యాచ్ వెళ్ళిపోతుంది. వాళ్ళతోపాటు వాళ్ళ చెవులూ, నేర్పూ పోతాయి. జూలైలో మళ్ళీ మొదటి నుంచి మొదలు. ఈ చిక్కుకు జవాబు నాకు ప్రొద్దుటూరు నేత ఇంటి నుంచి వచ్చిన ఒక విద్యార్థిని చెప్పింది. మగ్గం మీద పాత పడుగు అయిపోవస్తుంటే మొత్తం కోసి పారేయరు. పాత పోగుల కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా కలుపుతారు. దాన్ని అచ్చు అతకడం అంటారు. వేల పోగులు, ఒక్కొక్కటీ వేళ్ళతో మెలిపెట్టి కలపాలి. ఓపిక గల పని. అయితే ఆ ఓపిక చూపితే మగ్గంలో దారాలన్నీ మళ్ళీ మొదటి నుంచి ఎక్కించే పని తప్పుతుంది. "మన దాంట్లో కూడా అచ్చు అతకాల మేడమ్" అంది ఆ అమ్మాయి.

అప్పటి నుంచి డిసెంబరులోనే మూడో ఏడాది పిల్లలను ఎంచుకుంటున్నాం. చివరి ఏడాది ప్రతి కోఆర్డినేటర్ పక్కనా ఒక కొత్త పోగు. నాలుగు నెలలు ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. ఏప్రిల్‌లో పాతవాళ్ళు లేచి పోయేసరికి ముడి పడి ఉంటుంది.

కళాశాలలు నడిపే పెద్దలకు నా విన్నపం ఇదే. కోఆర్డినేటర్లను పెట్టామని చెప్పుకునే ముందు, వాళ్ళకోసం వారానికి గంటన్నర కేటాయించిన మనిషి ఒకరున్నారో లేదో చూడండి. ఆ మనిషి లేకపోతే పిల్లల మెడలో కార్డులు వేయకండి.

కిందటి ఏడాది ఒక సాయంత్రం హాలు నుంచి ఒక మాట వినబడింది. జూనియర్ ఏదో పరీక్ష అర్హతల గురించి అడిగాడు. మా కోఆర్డినేటర్ కాసేపు ఆలోచించి, "నాకు తెలీదు తమ్ముడూ, పద, అడుగుదాం" అన్నాడు. కుర్చీ జరిగిన చప్పుడయింది. ఇద్దరూ నా తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. గడప దగ్గర ఆ జూనియర్ ఒక్క క్షణం ఆగాడు. మా వాడు వాడి భుజం మీద చెయ్యి వేసి లోపలికి తీసుకొచ్చాడు. నాకూ ఆ జవాబు వెంటనే తెలియలేదు. ముగ్గురం కలిసి నోటిఫికేషన్ తెరిచి చదువుకున్నాం.

చేతులు కట్టుకుని నిలబడిన ఆ తండ్రి మాటకు నేను ఇవ్వగలిగిన జవాబు ఇన్నేళ్ళకు ఆ సాయంత్రం దొరికింది.